సగంలో సగం పావు: సంభావ్యతలో ఎప్పుడు కూడాలి, ఎప్పుడు గుణించాలి?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నాకు 37 ఏళ్ళు. పదో తరగతి అవగానే పెళ్ళి చేశారు. ఇప్పుడు మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, నేను ఓపెన్ ఇంటర్. రాత్రి వంటిల్లు సర్దాక ఇద్దరం ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటాం. మిగతా లెక్కలు ఎలాగో చేసుకొస్తున్నాను గాని సంభావ్యత దగ్గర ఆగిపోయాను. ఒక్క ఘటన అయితే చేస్తాను. రెండు కలిసేసరికి ఎప్పుడు కూడాలో ఎప్పుడు గుణించాలో తెలియడం లేదు. ‘లేదా’ ఉంటే కూడు, ‘మరియు’ ఉంటే గుణించు అంతే అంటుంది మా అమ్మాయి. ఆ ప్రకారమే ఈ లెక్క చేశాను. ఒక సమస్యను రాము సాధించే సంభావ్యత 1/2, సోము సాధించే సంభావ్యత 1/3, ఇద్దరూ విడివిడిగా ప్రయత్నిస్తే సమస్య పరిష్కారమయ్యే సంభావ్యత ఎంత? రాము లేదా సోము చేస్తే చాలు కదా అని కూడాను, 5/6 వచ్చింది. పుస్తకం వెనక 2/3 అని ఉంది. ఇంకో లెక్కలో ముగ్గురున్నారు, 1/2, 1/3, 1/4. కూడితే 13/12. ఒకటి దాటకూడదని తెలుసు, కానీ ఎక్కడ తప్పానో తెలియలేదు. ఈ వయసులో నా బుర్రకు ఇవి ఎక్కవేమో. ఈ పాఠం వదిలేసి మిగతావి చదువుకోమంటారా?
(పేరు వద్దన్నారు, తణుకు దగ్గర నుంచి)

జవాబు: అమ్మా, వదలకండి.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం “ఒకటి దాటకూడదని తెలుసు” అన్నది. ముప్పై ఏళ్ళకు పైగా జవాబు పత్రాలు దిద్దాను. 13/12 అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, తర్వాతి లెక్కకు వెళ్ళిపోయిన పిల్లలు ఎంతమందో. మీరు ఆగారు. ఇదేదో తేడాగా ఉందే అని రాత్రిపూట ఆగి చూసుకునే మనిషికి ఈ పాఠం రాకపోవడమేమిటి? మీ వయసు అడ్డం కాదు. అడ్డం వచ్చింది ఆ సూత్రం.

అది మీ అమ్మాయి తప్పు కాదు, ఆమెను ఏమీ అనకండి. ‘లేదా’కి కూడిక, ‘మరియు’కి గుణకారం అన్నది తరగతి గదుల్లో ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి వస్తున్న మాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ బోర్డు మీద అదే రాశాను. ఏమైందంటే పిల్లలు లెక్క చదవడం మానేసి ఆ రెండు మాటల కోసం వెతకడం మొదలుపెట్టారు. “ఇద్దరిలో కనీసం ఒకరు” అని ఇస్తే అందులో ‘లేదా’ లేదు, ‘మరియు’ లేదు. వాళ్ళు కలం పట్టుకుని అలా చూస్తూ కూర్చున్నారు. అసలు ఇంట్లో మనం ‘మరియు’ ఎప్పుడన్నామమ్మా? ఉప్పూ కారం వెయ్యమంటాం, అంతేగా. మన నోట ఎప్పుడూ పలకని మాట మీద ఇంత పాఠాన్ని నిలబెట్టాలని చూశాను. అది నిలబడలేదు.

దాన్ని పక్కన పెట్టి, ఇంట్లో చింతపిక్కలు ఉంటే నాలుగు తీసుకోండి. అష్టాచెమ్మా ఆడే ఇల్లయితే ఒకవైపు తెల్లగా అరగదీసినవి ఉండే ఉంటాయి. నాలుగూ కలిపి వేస్తే ఎన్ని తెల్లగా పడితే అంత పందెం. నాలుగూ తెలుపైతే చెమ్మ, నాలుగూ నలుపైతే అష్ట. అంటే పడే పందేలు ఐదు: ఒకటి, రెండు, మూడు, చెమ్మ, అష్ట.

ఇప్పుడు మీ అమ్మాయిని అడగండి, అష్ట పడే సంభావ్యత ఎంత అని. ఐదు పందేలున్నాయి కాబట్టి 1/5 అంటుందేమో చూడండి. మీకూ అలాగే అనిపిస్తే కంగారు పడకండి. 1754లో వెలువడిన ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వం నాలుగో సంపుటంలో దలాంబేర్ అనే గొప్ప గణితవేత్త ఇటువంటి తప్పే అచ్చు వేయించాడు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే అవకాశం ఎంత అన్నది ప్రశ్న. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయింది, లేదా బొరుసు తర్వాత బొమ్మ, లేదా రెండూ బొరుసులు. మూడు సందర్భాలు, అందులో రెండు మనవి, కాబట్టి 2/3 అన్నాడు. సరైన జవాబు 3/4. ఆయన చెప్పిన మూడు సందర్భాలూ నిజమే. కానీ మూడూ ఒకే బరువుతో లేవు. మొదటిసారే బొమ్మ పడటం సగం, మిగతా రెండూ తలా పావు.

అష్టాచెమ్మాలోని ఐదు పందేలూ అంతే, ఒక్కో దాని బరువు ఒక్కోలా ఉంటుంది. ఆ బరువు ఎలా కట్టాలన్నదే మీరు అడిగిన గుణకారం.

పిక్కలను ఒకేసారి వెయ్యకుండా ఒకదాని తర్వాత ఒకటి వెయ్యండి. ఒక్కో పిక్క తెల్లగానో నల్లగానో సమానంగా పడుతుందనే అనుకుందాం. మొదటిది నల్లగా పడేది సగంసార్లు. ఆ సగంలో సగంసార్లు రెండోదీ నల్లగా పడుతుంది, అంటే పావు. ఆ పావులో సగం మూడోదీ నలుపు, అరపావు. అరపావులో సగం నాలుగోదీ నలుపు, వీసం. మన పాత లెక్కల్లో వీసమంటే పదహారో వంతు. మీ అమ్మమ్మగారి తరం వాళ్ళు దీన్ని కాగితం లేకుండా నోటితో చెప్పేవారు. సగంలో సగం పావు, పావులో సగం అరపావు, అరపావులో సగం వీసం. అష్ట పడే సంభావ్యత వీసం.

ఆ మూడు మాటల్లోనూ వచ్చిన ‘లో’ని చూడండి. గుణకారం ఉండేది అక్కడ. ముందు జరిగినదాని లోపలికి వెళ్ళి, అందులో ఎంత భాగం మనకు కావాలో తీసుకుంటున్నాం. లోపలికి వెళ్ళే కొద్దీ ముక్క చిన్నదవుతుంది. మీరు ఏ లెక్క చేస్తున్నా ‘ఇన్నిసార్లు ఇది జరిగింది, అందులో ఇంత వంతు అదీ జరిగింది’ అని తెలుగులో చెప్పుకోగలిగితే గుణించండి. చెప్పుకోలేకపోతే గుణించకండి.

మరి కూడిక? పందెం ‘ఒకటి’ తీసుకోండి. ఒక్క పిక్క మాత్రమే తెల్లగా పడాలి. ఏ పిక్క? మొదటిది కావచ్చు, రెండోది, మూడోది, నాలుగోది కావచ్చు. నాలుగు దారులు. ఒక్కో దారి బరువు వీసమే. ఒక దారిలో వెళ్ళిన వేటు ఇంకో దారిలో ఉండదు, కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి కూడవచ్చు. నాలుగు వీసాలు, పావు. ‘రెండు’ పందేనికి దారులు ఆరు. కాగితం మీద తె, న అని గుర్తులు పెట్టుకుని రాయండి, ఆరే వస్తాయి. ‘మూడు’కు మళ్ళీ నాలుగు. చెమ్మకు ఒకటి, అష్టకు ఒకటి. మొత్తం పదహారు వీసాలు, ఒక నిండు. ఈ మొత్తం సరిపోయిందా లేదా అని చూసుకోవడం మాత్రం ఏ లెక్కలోనూ మానకండి. మీరు 13/12 దగ్గర పట్టుకున్నది ఇదే.

అంటే ఒక దారి వెంట కిందికి నడిచేటప్పుడు గుణిస్తాం. వేరు వేరు దారులను పక్కపక్కన చేర్చేటప్పుడు కూడతాం. చెట్టు బొమ్మ గీసుకుంటే ఇది కళ్ళకు కనబడుతుంది. ఒక కొమ్మ వెంట పోవడం గుణకారం, కొమ్మల చివర్లు కలపడం కూడిక. చాలా లెక్కల్లో రెండూ ఉంటాయి. ‘ఒకటి’ పందెంలో ఉన్నాయి చూశారుగా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నిజమైన చింతపిక్క సరిగ్గా సగంసార్లు తెల్లగా పడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. గవ్వలైతే మరీను, వాటి ఆకారమే రెండువైపులా ఒకలా ఉండదు. అందుకని మీరూ మీ అమ్మాయీ ఒక పిక్కను వందసార్లు వేసి గీతలు పెట్టుకోండి. 60 సార్లు తెల్లగా పడిందనుకోండి. పద్ధతి మారదు, అంకెలు మారతాయి. చెమ్మ 0.6ను నాలుగుసార్లు గుణిస్తే 0.1296. అష్ట 0.4ను నాలుగుసార్లు గుణిస్తే 0.0256. ఒక్క పిక్కలో ఆరూ నాలుగూ అన్న తేడా, నాలుగు పిక్కలయ్యేసరికి చెమ్మ అష్టకు ఐదు రెట్లయింది. మా ఊళ్ళో అష్ట అంత అరుదుగా ఎందుకు పడేదో నాకు ఇంటర్ చదివేటప్పుడు అర్థమైంది. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇక మీ రాము, సోముల దగ్గరికి వద్దాం.

మేనరికం పెళ్ళికి భోజనాల లెక్క ఎలా వేస్తారు? మగపెళ్ళివారు 120 మంది, ఆడపెళ్ళివారు 150 మంది అన్నారు కదా అని 270 విస్తళ్ళు వేయించరు. ఎందుకంటే మేనత్త కుటుంబం ఆ లెక్కలోనూ ఉంది, ఈ లెక్కలోనూ ఉంది. రెండు జాబితాల్లోనూ ఉన్నవాళ్ళను ఒకసారి తీసెయ్యాలి. పేకలోంచి ఒక ముక్క తీస్తే అది రాజు గాని ఆఠీను గాని అయ్యే సంభావ్యత అడిగినా అంతే. రాజులు 4, ఆఠీనులు 13, కలిపితే 17. కానీ ఆఠీను రాజు రెండు చోట్లా లెక్కలోకి వచ్చాడు. కాబట్టి 16, సంభావ్యత 16/52. పుస్తకంలో సంకలన సిద్ధాంతమని పెద్ద పేరు పెట్టిన దానిలో ఉన్నది ఇంతే.

ఒక దీర్ఘచతురస్రం గీయండి. నిలువుగా రెండు భాగాలు చేయండి, ఎడమది రాము చేసినప్పుడు, కుడిది రాము చేయలేనప్పుడు. అడ్డంగా మూడు భాగాలు చేయండి, పైవరుస సోము చేసినప్పుడు, కింది రెండు వరుసలు సోము చేయలేనప్పుడు. ఆరు గదులొచ్చాయి. రాము చేసిన గదులు మూడు. సోము చేసిన గదులు రెండు. మీరు మూడూ రెండూ ఐదు అన్నారు, ఆరింట ఐదు. ఇప్పుడు ఎడమవైపు పైగదిలో వేలు పెట్టండి. అక్కడ ఇద్దరూ చేశారు. ఆ గది మీ లెక్కలో రెండుసార్లు పడింది. అదే మీ మేనత్త కుటుంబం. ఒకసారి తీసేస్తే నాలుగు గదులు, 4/6, అంటే 2/3. పుస్తకం వెనక ఉన్న జవాబు.

మీ 5/6 మాత్రం ఎక్కడా పనికిరాని అంకె కాదు. రాము చేయగలిగిన లెక్కలు సోముకు ఎప్పుడూ రావు, సోముకు వచ్చినవి రాముకు రావు అనుకోండి. అప్పుడు ఉమ్మడి గదే ఉండదు, జవాబు 5/6. అలా ఒకటి జరిగితే రెండోది జరగనే జరగని ఘటనలను పరస్పర వివర్జితాలంటారు. దానికి పూర్తిగా రెండో కొసన, సోము చేసే ప్రతి లెక్కా రాము కూడా చేస్తాడనుకోండి. అప్పుడు సోము ఉన్నా లేకపోయినా ఒకటే, జవాబు 1/2. పుస్తకం అడిగింది ఈ రెండూ కాదు. రాము చేసినప్పుడూ సోము మూడో వంతుసార్లు చేస్తాడు, రాము చేయలేనప్పుడూ మూడో వంతుసార్లే చేస్తాడు. ఒకరి సంగతి తెలిసినంత మాత్రాన రెండోవారి సంగతి మారదు. వీటిని స్వతంత్ర ఘటనలంటారు. మీరు గీసిన బొమ్మలో అడ్డగీత రెండువైపులా ఒకే ఎత్తులో ఉంది చూడండి, స్వతంత్రం అంటే ఆ గీత విరగకుండా ఉండటం.

పరీక్షల్లో ఎక్కువమంది జారేది ఈ రెండు పేర్ల మధ్యే. రెండింటిలోనూ ‘వేరు వేరు’ అన్న వాసన ఉండటంతో ఒకటే అనుకుంటారు. నిజానికి దాదాపు ఎదురెదురు. ఒకటి జరిగిందని తెలియగానే రెండోది సున్నా అయిపోతే అది స్వతంత్రం ఎలా అవుతుంది?

ముగ్గురి లెక్కకు గదులు గీస్తే గజిబిజి అవుతుంది. దానికి ఇంకో దారి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఇటువంటి సమస్యలు 24 ఇచ్చారనుకోండి. 24 ఎందుకంటే 2, 3, 4తో చక్కగా పోతుంది. రాము సగం చేస్తాడు, 12 మిగులుతాయి. ఆ పన్నెండులో సోము మూడో వంతు చేస్తాడు, 8 మిగులుతాయి. ఆ ఎనిమిదిలో మూడో పిల్లాడు నాలుగో వంతు చేస్తాడు, 6 మిగులుతాయి. ఎవ్వరికీ రానివి 24లో 6. ఎవరో ఒకరు చేసినవి 18, అంటే 3/4. మీరు కూడితే 13/12 వచ్చిన చోట జవాబు 3/4.

‘కనీసం ఒకటి’, ‘ఏ ఒక్కరైనా’, ‘ఒక్కసారైనా’ అని కనబడగానే ‘ఒక్కటీ లేకపోవడం’ ముందు కట్టండి, దాన్ని ఒకటిలోంచి తీసెయ్యండి. ఒక్కటీ లేకపోవడానికి ఒకటే దారి, నేరుగా గుణించుకుంటూ పోవచ్చు. మీ లెక్క అయితే 1/2 × 2/3 × 3/4 = 1/4. దాన్ని ఒకటిలోంచి తీస్తే 3/4.

ఈ ‘కనీసం’ దగ్గర కూడి పొరబడటం చాలా పాతది. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో షెవాలియే ద మేరే అనే పెద్దమనిషికి పాచికల మీద సందేహం వచ్చింది. ఒక పాచికను నాలుగుసార్లు వేస్తే ఒక్క ఆరైనా పడుతుందని పందెం కడితే లాభమే. మరి రెండు పాచికలను 24 సార్లు వేస్తే ఒక్కసారైనా జంట ఆర్లు పడతాయని కడితే నష్టమెందుకు? ఆరుకు నాలుగు ఎంతో 36కు 24 అంతే కదా అన్నది ఆయన వాదన. పాస్కల్ అనే గణితవేత్త ఈ సంగతిని 1654 జులై 29న ఫెర్మా అనే మరో గణితవేత్తకు రాసిన ఉత్తరంలో ప్రస్తావించాడు. ఈ శాస్త్రం నడక నేర్చింది ఆ ఇద్దరి ఉత్తరాల్లోనే. మీరు కట్టి చూడండి. ఒక పాచికపై ఆరు పడకపోవడం 5/6. నాలుగుసార్లూ పడకపోవడం 625/1296. ఒక్కసారైనా పడటం 671/1296, సగానికి కాస్త ఎక్కువ. రెండో పందెంలో 35/36ను 24 సార్లు గుణించి ఒకటిలోంచి తీస్తే సుమారు 0.491, సగానికి కాస్త తక్కువ. ద మేరే కూడా మీలాగే నిష్పత్తులు సరిచూసుకుని, తేడా వస్తే ఊరుకోకుండా అడిగిన మనిషి. అడిగాడు కాబట్టే మనకు ఈ పాఠం దక్కింది.

అష్టాచెమ్మాలో దీన్నే వేసుకోండి. కాయ దిగాలంటే అష్టగాని చెమ్మగాని పడాలనే ఇళ్ళున్నాయి. వీసం, వీసం కలిపి అరపావు, 1/8. (రెండూ ఒకేసారి పడలేవు, అందుకే ఇక్కడ నేరుగా కూడాను.) ఎనిమిది వేట్లలో తప్పకుండా ఒకటి పడాలి కదా అనిపిస్తుంది. పడకపోవడం 7/8, దాన్ని ఎనిమిదిసార్లు గుణిస్తే సుమారు 0.34. మూడు ఆటల్లో ఒక ఆటలో ఎనిమిది వేట్లు వేసినా కాయ దిగదు. ఏడు వేట్లు పోయాయి కాబట్టి ఎనిమిదోది తప్పకుండా పడుతుందన్నదీ కుదరదు. పిక్కకు జ్ఞాపకం లేదు. ఎనిమిదో వేటుకూ అరపావే.

ఈ చివరి మాట ఆట దగ్గరే ఆగిపోతే నేను ఇంత పొడుగున రాసేవాణ్ణి కాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే సంభావ్యత 1/4. “నలుగురిలో ఒకరికి” అని చెబితే చాలా కుటుంబాలు వేరే విధంగా వింటాయి. మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక ముగ్గురికి రాదు అని. రెండో బిడ్డ విషయంలోనూ అదే పావు. ఇద్దరు బిడ్డలూ తప్పించుకునే సంభావ్యత 3/4లో 3/4, 9/16, తొమ్మిది వీసాలు. కనీసం ఒకరికి రావడం ఏడు వీసాలు, దాదాపు సగం. మీరు రేపు ఎవరికైనా చెప్పాల్సి వస్తే ‘నలుగురిలో ఒకరు’ అనకుండా ‘ప్రతిసారీ పావు’ అనండి. అప్పుడు పరీక్ష చేయించుకుంటారు.

అక్కడ ఘటనలు స్వతంత్రమే అయినా జనం నమ్మరు. స్వతంత్రం కానిచోట స్వతంత్రమనుకుని గుణించేస్తే ఏమవుతుందో కూడా మీకు తెలియాలి. ఇంగ్లండులో శాలీ క్లార్క్ అనే న్యాయవాది ఇద్దరు పసిబిడ్డలు 1996లో ఒకరు, 1998లో ఒకరు చనిపోయారు. తల్లే చంపిందని కేసు పెట్టారు. విచారణలో రాయ్ మెడో అనే పిల్లల వైద్య నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. అటువంటి కుటుంబంలో పసిబిడ్డ కారణం తెలియకుండా హఠాత్తుగా చనిపోయే అవకాశం 8,543లో ఒకటి, కాబట్టి ఇద్దరు అలా చనిపోవడం 8,543ను 8,543తో గుణిస్తే వచ్చేదానిలో, అంటే సుమారు 7 కోట్ల 30 లక్షల్లో ఒకటి అని. ఒకే తల్లిదండ్రులు, ఒకే రక్తం, ఒకే ఇల్లు. మొదటి బిడ్డను తీసుకుపోయిన కారణం ఏదైనా వంశంలోనో ఇంట్లోనో ఉంటే రెండో బిడ్డకు ఆ ప్రమాదం ఎక్కువే ఉంటుంది కదా. రెండోసారి కూడా అదే 8,543 వాడే హక్కు ఎవరిచ్చారు? పైగా ఆ అంకె అంత చిన్నదైనంత మాత్రాన ఆమె నేరం చేసిందని తేలదు, ఒక తల్లి ఇద్దరు బిడ్డలను చంపడమూ చాలా అరుదే. 1999 నవంబరులో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. 2001లో అక్కడి రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ గుణకారానికి ఆధారం లేదని బహిరంగంగా ప్రకటించింది. రెండో అప్పీలులో, బయటపెట్టకుండా ఉంచిన వైద్య పరీక్షల ఫలితాలు వెలుగులోకి రావడం ప్రధాన కారణంగా, 2003 జనవరిలో విడుదలైంది. 2007లో కన్నుమూసింది. నేను ఈ కథ తరగతిలో చెప్పినప్పుడల్లా గది నిశ్శబ్దమయ్యేది. గుణకారం గుర్తు పెట్టే ముందు ‘మొదటిది జరిగితే రెండోదాని వంతు మారుతుందా’ అని అడగడం మార్కుల కోసం మాత్రమే కాదమ్మా.

మారితే ఏం చేయాలి? మారిన వంతుతోనే గుణించాలి, అంతే. బుట్టలో పది కోడిగుడ్లున్నాయి, మూడు చెడిపోయాయి, పైకి తెలియదు. రెండు తీస్తే రెండూ మంచివయ్యే సంభావ్యత ఎంత? మొదటిది మంచిదవడం 7/10. ఇప్పుడు బుట్టలో తొమ్మిదే ఉన్నాయి, మంచివి ఆరు. కాబట్టి ఆ 7/10లో 6/9. గుణిస్తే 42/90, అంటే 7/15. తీసిన గుడ్డును మళ్ళీ బుట్టలో పెట్టి కలిపితే మాత్రం రెండోసారీ 7/10, జవాబు 49/100. లెక్కలో ‘తిరిగి ఉంచుతూ’, ‘తిరిగి ఉంచకుండా’ అన్న మాట కనబడితే కింద గీత గీసుకోండి.

ఇక చదివే పద్ధతి. పుస్తకంలో ఈ పాఠాన్ని నిర్వచనాలతో మొదలుపెట్టి సమితుల గుర్తుల్లోకి దింపుతారు. మీరు వారం రోజులు ఆ గుర్తులు ముట్టుకోకండి. రోజూ రెండు లెక్కలు చాలు, ప్రతిదానికీ బొమ్మ గీయాల్సిందే, చెట్టో గదులో. లెక్కను మీ మాటల్లో ఒకసారి మళ్ళీ రాయండి. ఎక్కడ ‘అందులో’ వచ్చింది, ఎక్కడ ‘ఇదీ కాకపోతే అదీ’ వచ్చింది చూడండి. జవాబు రాగానే మొత్తం ఒకటవుతుందా అని సరిచూడండి. ఎనిమిదో రోజున సూత్రాల పేజీ తీస్తే అవన్నీ మీకు తెలిసిన సంగతులే పొట్టి రాతలో కనబడతాయి. మీ అమ్మాయికి కూడా చింతపిక్కల బొమ్మ చూపించండి. ఆమెకు సూత్రాలు మీకంటే త్వరగా నోటికొస్తాయి, కానీ రేపు పోటీ పరీక్షలో ‘లేదా’ లేని లెక్క ఇస్తే ఈ బొమ్మే అక్కరకొస్తుంది.

ఈ రాత్రికి ఇద్దరూ ఒక లెక్క చేయండి. అదే బుట్ట, పది గుడ్లు, మూడు చెడ్డవి. ఈసారి మూడు గుడ్లు తీశారు, తిరిగి పెట్టలేదు. అట్లు వేసే గిన్నెలోకి కొట్టిన ఆ మూడింటిలో కనీసం ఒకటి చెడ్డదయ్యే సంభావ్యత ఎంత? ఒకరి కాగితం ఒకరు చూడకుండా చేయండి. 17/24 రావాలి. రాకపోతే చెరిపెయ్యకుండా ఆ కాగితం అలాగే నాకు పంపండి, ఎక్కడ జారిందో కలిసి చూద్దాం.